రాజీ పత్రం నిలబడాలి: మీడియేషన్ వైపు చూస్తున్న జూనియర్‌కి ఉత్తరం

మహారాణిపేట,
విశాఖపట్నం.

అమ్మలూ,

దావాలు వదిలేసి పూర్తిగా మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ కుదర్చడం) మీదే బతకొచ్చా మావయ్యా అని అడిగావు. వదలొద్దు, ఇప్పుడే వదలొద్దు. సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ జారతాడో, డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించే ఈపీ ఎన్నేళ్లు సాగుతుందో చూడనివాళ్లు పార్టీ (కక్షిదారు) ఎదురుగా కూర్చుని “కేసు నడిపితే చివరికి నీ చేతికి వచ్చేది ఇంత” అని చెప్పలేరు. చెప్పినా ఎవరూ నమ్మరు. ఇంకో అయిదారేళ్లు కోర్టు ఫైళ్లు చేతిలో ఉంచుకుని, వాటిలోంచే రాజీకి పనికొచ్చేవి ఏరుకుంటూ వెళ్లు. మీడియేటర్ కుర్చీ తర్వాత సంగతి. ముందు పార్టీ తరఫు లాయరుగా మీడియేషన్ గదిలో ఎలా కూర్చోవాలో నేర్చుకో. మన ఊళ్లో అది చేతనైనవాళ్లు తక్కువ, ఫీజు కూడా అక్కడే ఉంది.

అందరూ రాజీ కుదర్చడం గురించే మాట్లాడతారు. నన్నడిగితే అది సగం పనే. కుదిరిన రాజీ ఆర్నెల్ల తర్వాత కూడా నిలబడేలా కాగితం మీద పెట్టడం మిగతా సగం. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

చట్టం ముందు సరిగా పట్టుకో. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కేసుల్ని కోర్టు బయట రాజీకి పంపే సెక్షన్ 89 అమల్లోకి వచ్చింది 2002 జూలై 1న. దాన్ని రాయడంలో జ్యుడీషియల్ సెటిల్‌మెంట్‌, మీడియేషన్‌ నిర్వచనాలు తారుమారయ్యాయని సుప్రీంకోర్టు 2010లో అఫ్‌కాన్స్ తీర్పులో చెప్పింది. ఏ కేసులు మీడియేషన్‌కి పంపొచ్చో, ఏవి పంపకూడదో జాబితా ఆ తీర్పులోనే ఉంది. దాన్ని ప్రింటు తీసి బల్ల అద్దం కింద పెట్టుకో. 2023 మీడియేషన్ చట్టంలో కొన్ని సెక్షన్లే ఆ ఏడాది అక్టోబరు 9న అమల్లోకి వచ్చాయి. చట్టం పుస్తకంలో ఉందని ప్రతి సెక్షన్నీ మెమోలో ఎక్కించేయకు. ఆ సెక్షన్‌కి గెజిట్ నోటిఫికేషన్ వచ్చిందో లేదో ఆ రోజుకి చూసుకుని రాయి. ఎదుటి లాయరు ఈ ఒక్క తప్పు పట్టుకున్నాడంటే గదిలో నీ మాట బరువు పోతుంది.

విశాఖలో పని ఎక్కడ దొరుకుతుందంటే, మొదటిది కమర్షియల్ వివాదాలు. ఆటోనగర్‌లో విడిభాగాలు సరఫరా చేసేవాళ్లు, గాజువాక కాంట్రాక్టర్లు, పోర్టు చుట్టూ గోడౌన్లు, రవాణా బాకీలు. 3 లక్షలు దాటిన కమర్షియల్ దావా వేయాలంటే, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు అడగని పక్షంలో, కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12-ఎ కింద ముందు మీడియేషన్‌కి వెళ్లి తీరాలి. పాటిల్ ఆటోమేషన్ తీర్పు తర్వాత, అంటే 2022 ఆగస్టు 20 నుంచి, వెళ్లకుండా వేసిన దావాని ప్లెయింటు (దావా అర్జీ) దశలోనే తిరస్కరిస్తారు. తప్పించుకోవడానికి ఉత్తుత్తి ఇంజంక్షన్ పిటిషన్ తగిలించే అలవాటు కొందరికి ఉంది. యామినీ మనోహర్ కేసులో 2023లో ఆ దారి కూడా మూసేశారు. ప్లెయింటు, కాగితాలు, పరిస్థితులు కలిపి చూసి అత్యవసరం నిజమో ముసుగో కోర్టు తేలుస్తుంది.

నడక ఇలా ఉంటుంది. ఫారం-1 నింపి 1,000 రూపాయల రుసుముతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఇస్తావు. వాళ్లు పది రోజుల లోపు తేదీతో అవతలివాళ్లకి నోటీసు పంపుతారు. జవాబు లేకపోతే ఆఖరి నోటీసు, దానికీ రాకపోతే ఫారం-3లో నాన్-స్టార్టర్ (మీడియేషన్ మొదలే కాలేదన్న) రిపోర్టు. వస్తే మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. ఆ కాలం లిమిటేషన్‌లోంచి, అంటే దావా వేయాల్సిన గడువులోంచి, మినహాయింపు. మీడియేటర్ ఫీజు క్లెయిము మొత్తాన్ని బట్టి: 10 లక్షల దాకా 15,000, 50 లక్షల దాకా 30,000, కోటి దాకా 40,000, మూడు కోట్ల దాకా 50,000, ఆపైన 75,000. మొదలుపెట్టే ముందే ఇద్దరూ చెరి సగం కట్టాలి. ఇక్కడ జూనియర్లు చేసే తప్పులు చాలా చిన్నవి, కానీ నెలలు తినేస్తాయి. కంపెనీకి నోటీసు రిజిస్టర్డ్ ఆఫీసుకి కాకుండా బ్రాంచి చిరునామాకి పంపిస్తారు, అది తిరిగొస్తుంది. ఫారంలో ఒక క్లెయిము, ప్లెయింటులో ఇంకో క్లెయిము రాస్తారు, ఆఫీసు అభ్యంతరం పెడుతుంది. అసలు అది కమర్షియల్ వివాదమో కాదో చూడరు. స్థలం తగాదా అయితే ఆ స్థలం వ్యాపారానికి నిజంగా వాడుకలో ఉండాలి. రేపెప్పుడో షాపు కడదామని కొన్న ఖాళీ స్థలం లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2019లో అంబాలాల్ సారాభాయ్ కేసులో చెప్పింది.

రెండోది కుటుంబాలు. మధురవాడ, పెందుర్తి, భీమిలి వైపు భూముల ధరలు పెరిగాక అన్నదమ్ముల పంపకాలు, స్థలం యజమానికీ బిల్డరుకీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు తగాదాలు కోర్టుకి వస్తూనే ఉంటాయి. భార్యాభర్తల కేసులు ఎలాగూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసులో 2013లో సుప్రీంకోర్టు 498-ఎ (భార్యని వేధించిన నేరం) ఫిర్యాదులు కూడా, రాజీకి అవకాశం కనిపిస్తే, మీడియేషన్‌కి పంపమంది. చెక్కు కేసులు, వినియోగదారుల కేసులు చిల్లరగా వస్తుంటాయి. చెయ్యి తిరగడానికి మంచివి.

ఇక తయారీ. పార్టీతో గదిలోకి వెళ్లే ముందు ఒక ఎ4 కాగితం మీద లెక్క కట్టు. ఆటోనగర్ సరఫరాదారుకి 24 లక్షలు రావాలనుకో. నాలుగేళ్లకి 9 శాతం సాధారణ వడ్డీ 8.64 లక్షలు, మొత్తం 32.64. నెగ్గే అవకాశం పదింట ఆరు అని నీ మనసుకి అనిపిస్తే 19.58. ఫీజులు, ఖర్చులు, ఈపీ కలిపి రెండున్నర లక్షలు తీసెయ్, దాదాపు 17 మిగిలింది. అది కూడా నాలుగేళ్ల తర్వాత. ఆ డబ్బుని వ్యాపారంలో 12 శాతానికి తిప్పుకునే మనిషికి నాలుగేళ్ల తర్వాతి 17 లక్షలు ఇవాళ 11 లక్షలకి కాస్త తక్కువే. అవతలివాడు రెండు నెలల్లో 16 ఇస్తానంటే నీ పార్టీ మొహం మాడ్చుకోవాల్సిన పని లేదు. ఈ లెక్క పార్టీకి ఆఫీసులోనే చూపించు, గదిలో ఎదుటివాళ్ల ముందు కాదు. అలాగే సరుకు ఇచ్చేనాటికి అతనికి ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడు. ఉంటే ఎంఎస్ఎంఈడీ చట్టం కింద బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొనుగోలుదారు 45 రోజులు దాటి ఆపాడంటే పై లెక్కంతా మారిపోతుంది, అప్పుడు 16కి ఒప్పించడం నీ తప్పవుతుంది.

పార్టీ వెంట ఎవరొస్తున్నారో ముందే కనుక్కో. సంతకం పెట్టేది తమ్ముడు, నిర్ణయించేది కారిడార్‌లో కూర్చున్న బావగారు. ఆ బావగారు లోపల లేకపోతే నాలుగు గంటలు మాట్లాడి కుదిర్చినది ఒక్క ఫోన్‌తో పోతుంది. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరుకి రాజీ చేసుకునే అధికారమిస్తూ బోర్డు తీర్మానం ఉందా, జీపీఏ (అధికార పత్రం) పట్టుకొచ్చినవాళ్ల కాగితంలో రాజీ అనే మాట ఉందా అన్నది మొదటి పది నిమిషాల్లోనే చూసెయ్యాలి.

గదిలో మన వాళ్లకి ఒక అలవాటు ఉంది. పెద్దమనిషి కనపడితే “మీరే చెప్పండి సార్, మీ మాటకి కట్టుబడతాం” అంటారు. లాయరుకి కూడా తీర్పు చెప్పాలని నోరు దురద పెడుతుంది. మీడియేటర్‌గా ఉన్నప్పుడు ఆ ఊబిలో కాలు పెట్టకు. నువ్వు చెప్పిన అంకెకి ఒప్పుకున్న మనిషి ఇంటికెళ్లి భార్య అడిగితే “ఆ లాయరమ్మ ఒప్పించేసింది” అంటాడు, రెండోనాడు రాడు. అడుగు, విను, మళ్లీ అడుగు. ఇద్దరన్నదమ్ములు పాత ఊళ్లో ఒకే షాపు నాకంటే నాకని కొట్లాడుతుంటే, ఒకడికి కావలసింది నాన్న పేరున్న బోర్డు, రెండోవాడికి కావలసింది నెలకి అద్దె అయి ఉండొచ్చు. గజాల లెక్కలో పడితే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

విడివిడిగా మాట్లాడేటప్పుడు ఇద్దరికీ ఇంచుమించు ఒకే సమయం ఇవ్వు. ఒకరితో నలభై నిమిషాలు, ఇంకొకరితో పది నిమిషాలు కూర్చుంటే బయట ఉన్నవాళ్లకి అనుమానం పుడుతుంది. ఒకరు చెప్పిన అంకెని రెండోవాళ్లకి చేరవేసే ముందు “ఇది చెప్పనా?” అని స్పష్టంగా అడుగు, ఒప్పుకుంటేనే చెప్పు. రాసుకున్న నోట్సు పని అయ్యాక చించెయ్యి. కోర్టుకి పంపే రిపోర్టులో కుదిరింది లేదా కుదరలేదు అన్న ముక్క తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఎవరు ఎంత ఆఫర్ ఇచ్చారు, ఎవరు మొండికేశారు అని రాయకూడదని మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీడియేటర్‌గా కూర్చున్న వివాదంలో తర్వాత ఎవరి తరఫునా వకాల్తా వెయ్యకు, ఆర్బిట్రేటర్‌గానూ ఒప్పుకోకు. చిన్న బార్ మనది, ఒక్కసారి అలా చేస్తే ఊరంతా తెలుస్తుంది.

అన్ని కేసులూ రాజీకి కాదు. భర్త కొడతాడని భయపడుతున్న అమ్మాయిని అతని ఎదురుగా కూర్చోబెట్టి “సర్దుకుపో” అనడం మీడియేషన్ కాదు. విడిగా అడుగు, భయం నిజమైతే ఫైలు తిప్పి పంపు. ఫోర్జరీ ఆరోపణలున్నవి, దేవాలయ భూములు, ఊరందరి హక్కులతో ముడిపడినవి కూడా వద్దు.

ఇప్పుడు అసలు విషయం, కాగితం. సాయంత్రం ఆరున్నరకి అందరూ అలసిపోయి, చేతులు కలుపుకుని, “వివరాలు రేపు రాసుకుందాం” అంటారు. వద్దు. కనీసం ముఖ్యాంశాలైనా ఆ రాత్రే రాసి ఇద్దరి సంతకాలు తీసుకుని పంపించు. లాయర్ల సంతకాలతో సరిపెట్టకు, పార్టీ స్వయంగా పెట్టాలి. ఇంగ్లీషు రానివాళ్లకి తెలుగులోనే రాయి, లేదా చదివి వినిపించినట్టు, వాళ్లు అర్థం చేసుకున్నట్టు కింద ఒక వాక్యం చేర్చు. తర్వాత “నాకు తెలియకుండా సంతకం పెట్టించారు” అనే పిటిషన్‌కి అదే మందు.

డబ్బు రాజీలో “త్వరలో”, “నెలాఖరులోగా” అని రాయకు. తేదీ, మొత్తం, ఏ ఖాతాకి, ఏ మార్గంలో అన్నీ ఉండాలి. వాయిదా తప్పితే ఏమిటన్నది అన్నిటికన్నా ముఖ్యం. “తప్పితే 24 లక్షలు కట్టాలి” అని మాత్రమే రాస్తే అది జరిమానా అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 పట్టుకుని వాదిస్తారు. తిరగేసి రాయి: 24 లక్షలు బాకీ అని ప్రతివాది ఒప్పుకున్నాడు, ఫలానా తేదీల్లో 16 లక్షలు కడితే మిగతాది వదులుకోవడానికి వాది ఒప్పుకున్నాడు, తేదీ తప్పితే ఆ రాయితీ రద్దు, కట్టింది పోను మిగతాది ఇంత శాతం వడ్డీతో వసూలు చేసుకోవచ్చు. అంకెలు అవే. కానీ ఈపీ వేసిననాడు ఈ రాత నిన్ను కాపాడుతుంది. తగ్గించిన మొత్తానికి జీఎస్టీ క్రెడిట్ నోటు ఎవరిస్తారు, టీడీఎస్ తగ్గించుకుంటారా లేదా, చేతిలో ఉన్న చెక్కులు ఏ వాయిదా తర్వాత తిరిగిస్తారు అన్నవి కూడా అదే పేజీలో పెట్టు.

భూమి రాజీలు మరీ జాగ్రత్త. సర్వే నంబరు, చెక్కుబందీ, విస్తీర్ణం గజాల్లోనూ చదరపు మీటర్లలోనూ, వెనక కొలతలున్న స్కెచ్. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించకుండా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితా చూడకుండా సంతకానికి వెళ్లకు. జాబితాలో ఉన్న సర్వే నంబరు మీద ఎంత అందంగా రాజీ రాసినా సబ్-రిజిస్ట్రార్ ముట్టుకోడు. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చినది) అయితే దాని బదిలీ మీద ఉన్న 1977 చట్టం అడ్డొస్తుంది, దానికి రాజీతో హక్కు రాదు. దావాలో లేని ఆస్తిని రాజీలో కలిపారంటే ఆ డిక్రీకి రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17(2)(6) మినహాయింపు దావా ఆస్తికే. అన్నదమ్ముల పంపకంలో అక్కచెల్లెళ్లు పార్టీలుగా ఉన్నారా? మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఉంది, 2005 సవరణతో ఆ పెళ్లి షరతు కూడా పోయింది. “చెల్లి ఏమీ అడగదులెండి” అన్న మాట మీద నమ్మకంతో రాసిన పంపకాలు ఆ చెల్లి పిల్లలు పెద్దయ్యాక కోర్టుకొస్తాయి. ఆమెని పిలిపించు, ఆమె ఇష్టంగా వదులుకుంటే రిజిస్టర్డ్ రిలింక్విష్‌మెంట్ (హక్కు వదులుకునే పత్రం) రాయించు. మైనర్లు ఉంటే గార్డియన్ సంతకం చాలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 32 రూలు 7 కింద కోర్టు అనుమతి విడిగా తీసుకోవాలి. ఇది మరిచిపోయిన ఫైళ్లకి లెక్కే లేదు.

భార్యాభర్తల రాజీలో మొత్తాన్ని ఒకేసారి రాయకు, దశలకి ముడిపెట్టు. 13-బి (పరస్పర అంగీకార విడాకుల) పిటిషన్ వేసిననాడు ఇంత, దాని రెండో విడత అయిన రెండో మోషన్‌కి ఇంత, క్రిమినల్ కేసు ముగిసిననాడు మిగతాది. 498-ఎ మన రాష్ట్రంలో 2003 సవరణతో కోర్టు అనుమతి మీద రాజీ చేసుకోదగ్గదైంది గానీ, 2024 జూలై 1 తర్వాత కొత్త క్రిమినల్ చట్టాల కింద నమోదైన కేసుకి అదే వర్తిస్తుందనుకుని రాసెయ్యకు. హైకోర్టులో కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్ ఎవరు వేస్తారు, అమరావతి ఖర్చు ఎవరిది, రెండో పక్షం ఎన్ని రోజుల్లో అఫిడవిట్ ఇవ్వాలి అన్నవి కూడా రాయి. బంగారం “ఆమె నగలు” అని కాదు, వస్తువు వారీగా గ్రాముల్లో. పిల్లవాడిని చూసే హక్కు “వీలున్నప్పుడు” అని కాదు, ఏ శనివారం, ఎన్ని గంటలకి, ఎక్కడ అప్పగింత, సంక్రాంతి సెలవులు ఎవరికి, దసరా ఎవరికి, ఫోన్ కాల్ ఏ వేళ. ఇంత వివరం రాస్తే దంపతులు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఏ గొడుగు కింద సంతకం జరుగుతోందో కూడా ఆలోచించు, దాన్నిబట్టే అమలు. దావా నడుస్తుంటే ఆర్డరు 23 రూలు 3 కింద రాజీ డిక్రీ. 12-ఎ లో కుదిరితే దానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమాన హోదా. లోక్ అదాలత్‌లో పెడితే న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 21 కింద డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వాపసు, అప్పీలు లేదు. మోసమని ఆరోపించినా రిట్ ఒక్కటే దారని భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దావా లేకుండా ప్రైవేటుగా కుదిరిన రాజీ ఒట్టి ఒప్పందంగా మిగిలితే, తప్పిననాడు మళ్లీ దావా వెయ్యాలి. అందుకే దాన్ని ప్రీ-లిటిగేషన్ కేసుగా లోక్ అదాలత్ ముందు పెట్టి అవార్డు తీసుకోవడం మంచిది. ప్రైవేటు చర్చలు సాగుతున్నాయని లిమిటేషన్ ఆగదు, ఇది గుర్తుంచుకో. మూడో ఏడు ముగుస్తుంటే గడువు లోపే సంతకంతో బాకీ ఒప్పుకోలు తీసుకో, లేకపోతే దావా వేసేసి మాట్లాడుకో.

శిక్షణ సంగతి. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పాఠ్యక్రమం ప్రకారం 40 గంటల శిక్షణ ఉంటుంది, కోర్టు ప్యానెల్‌లోకి వెళ్లాలంటే అదే గేటు. వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు గోడకి బాగుంటాయి, ప్యానెల్‌కి పనికిరావు. దరఖాస్తుల ప్రకటన కోసం న్యాయ సేవాధికార సంస్థ నోటీసు బోర్డు చూస్తూ ఉండు. శిక్షణ అయ్యాక కోర్టు పంపే కేసులకి గౌరవ వేతనమే వస్తుంది, అది ఇల్లు నడపదు. ఇల్లు నడిపేది పార్టీల తరఫున చేసే తయారీ, ముసాయిదాలు. ఫీజు సెషన్‌కింత, డ్రాఫ్టింగ్‌కింత అని ముందే రాతపూర్వకంగా చెప్పు. వసూలైన దాంట్లో శాతం అడగకు, అది బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. “నూటికి నూరు కేసులు సెటిల్ చేస్తాం” అని ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లని చూసి మోజు పడకు, బార్ కౌన్సిల్ రూలు 36 కింద లాయరుకి ప్రకటనలు నిషేధం.

ఈ ఆదివారం నీ దగ్గరున్న దావాల్లోంచి మూడు పట్టుకురా: ఒకటి డబ్బుది, ఒకటి పంపకం, ఒకటి ఫ్యామిలీ కోర్టుది. ఒక్కోదానికి పైన చెప్పిన లెక్క కాగితం, పార్టీ వెనక నిర్ణయించే మనిషి ఎవరన్న చీటీ, రాజీ ముసాయిదా ఒకటి రాసి తీసుకురా. పంపకం ఫైలుకి ఈసీ, 22-ఎ ప్రింటు కూడా. అత్తయ్య మధ్యాహ్నం భోజనానికి ఉండమంది.

ఆశీస్సులతో,
మావయ్య